మొదటి మీటింగ్‌కు వెళ్లాలనుకుంటున్నారా?

తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే మా గ్రూపులో కుర్చీలు వేసి, తలుపు దగ్గర నిలబడే పని నాది. కొత్తవాళ్లను ఇట్టే పోల్చుకుంటాను. గుమ్మం దాకా వచ్చి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ, లోపల తెలిసినవాళ్లెవరైనా ఉన్నారేమోనని ఓ కన్నేస్తారు. వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక జాగ్రత్త. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే వ్యవహారం వణుకు, చెమటలతో ఆగకపోవచ్చు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత మతి తప్పి, లేనివి కనిపించడం మొదలైతే ప్రాణాల మీదికే వస్తుంది. కాబట్టి మానేసే ముందే డాక్టర్‌ని కలవండి. ఎంత తాగుతున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. దీనికి మందులున్నాయి. మీటింగ్‌లో మందులివ్వరు, అక్కడ దొరికేది తోడు.

ఇక వెతకడం. అన్నిటికన్నా ఎక్కువ చోట్ల దొరికేది ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలోని యాక్రన్‌లో ఒక స్టాక్ బ్రోకర్, ఒక సర్జన్ కలిసి మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్లే. మీ ప్రాంతపు ఏఏ వెబ్‌సైట్లో మీటింగుల జాబితా ఉంటుంది. మీటింగ్ గైడ్ అని ఉచిత యాప్ కూడా ఉంది కానీ అందులో అన్ని ఊళ్లూ ఉండవు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి టైమూ చోటూ మారలేదు కదా అని అడగడం మేలు. తాళం వేసిన గది ముందు నిలబడ్డ మనిషి మళ్లీ ఇంకోసారి బయల్దేరతాడని నమ్మకం లేదు.

జాబితాలో 'ఓపెన్' అని ఉంటే ఎవరైనా రావచ్చు, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లవచ్చు. 'క్లోజ్డ్' అంటే తాగుడు మానాలనుకునేవాళ్లకే. ఆ కోరిక ఒక్కటుంటే చాలు, ఫీజు లేదు, ఫారం లేదు. ఆడవాళ్లకు మాత్రమే ఉండే మీటింగులు, కొత్తవాళ్ల కోసం పెట్టేవి కూడా చాలాచోట్ల ఉంటాయి. ఏఏలో వచ్చే దేవుడి ప్రస్తావన మీకు పడకపోతే స్మార్ట్ రికవరీ అనే ఇంకో సంస్థ మీటింగులు చూడండి. అక్కడ ఆలోచనల్ని, తాగాలనిపించే కోరికను ఎలా అదుపులో పెట్టుకోవాలో కసరత్తులు చేయిస్తారు. తాగేవాళ్ల కుటుంబాలకు ఆల్-అనాన్ వేరే ఉంది.

పది నిమిషాలు ముందే వెళ్లండి. నా లెక్కలో అసలు మీటింగ్ ఆ పది నిమిషాలూ, అయిపోయాక ఇంకో పదీ. మధ్యలో గంటసేపు వింటారు. మాటలు కలిసేది ముందూ వెనకానే. తలుపు దగ్గరున్న మనిషితో 'నాకు ఇదే మొదటిసారి' అంటే చాలు, పక్కన కూర్చునేందుకు ఎవరో ఒకర్ని చూస్తారు. పేరు అడిగితే ఇంటిపేరు అక్కర్లేదు.

గదిలో వంతులవారీగా మాట్లాడతారు. మీ వంతు వస్తే 'నేను వింటాను' అనండి, ఎవరూ బలవంతం చేయరు. నేను ఆల్కహాలిక్‌ని అని చెప్పుకోవాలన్న రూలూ లేదు. మీరు మాట్లాడితే మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహా ఇవ్వరు. మొదట్లో అది గోడకు చెప్పుకున్నట్టు ఉంటుంది. కొన్నాళ్లకు అదే హాయి. డబ్బుల బుట్ట వస్తే పక్కవాళ్లకు అందించేయండి, కొత్తవాళ్లు వేయాలని ఎవరూ చూడరు. చివర్లో ప్రార్థన ఉంటే మౌనంగా నిలబడినా సరిపోతుంది. ఆ రోజు తాగి ఉన్నా చాలా గ్రూపులు రానిస్తాయి, మాట్లాడకుండా వినమంటాయి, అంతే.

ఆన్‌లైన్ మీటింగైతే చేరే ముందే స్క్రీన్ మీద కనిపించే పేరు మార్చుకోండి. ఆఫీసు అకౌంట్ నుంచి వచ్చి, పూర్తి పేరూ కంపెనీ పేరూ అందరికీ చూపించేవాళ్లు ఎంతమందో.

ఒక్కటి చూసి తేల్చేయకండి. ఒక గ్రూపు గుడిలా ఉంటే ఇంకొకటి రచ్చబండలా ఉంటుంది. నాలుగైదు చూశాక మీకు కుదిరేది తెలుస్తుంది. అసలు వీటివల్ల లాభమేనా అని డాక్టర్లు కూడా అడిగేవారు. 2020లో, వైద్య పరిశోధనల్ని జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను పరిశీలించింది. ఒక పద్ధతి ప్రకారం ఏఏలోకి నడిపించే చికిత్సలు, పూర్తిగా మానేయడంలో, మిగతా చికిత్సలకన్నా మెరుగ్గా ఉన్నాయని తేల్చింది.

మంచివాళ్లతో పాటు అందరూ వస్తారు, అది కూడా చెప్పాలి. అప్పు అడిగేవాళ్లను, కొత్తగా వచ్చిన మనిషితో ప్రేమ కలపబోయేవాళ్లను దూరం పెట్టండి. డిప్రెషన్ మాత్రలు ఆపేయమని ఎవరన్నా అంటే ఆ మాట అక్కడే వదిలేయండి, మాత్రల సంగతి మీ డాక్టర్‌ది.

అయిపోగానే పారిపోకండి. రెండు మూడు ఫోన్ నంబర్లు తీసుకోండి. మగవాళ్లు మగవాళ్లవి, ఆడవాళ్లు ఆడవాళ్లవి తీసుకోవడం ఆనవాయితీ. దారి చూపే పాత సభ్యుణ్ణి, అంటే స్పాన్సర్‌ని, ఆ రోజే వెతుక్కోనక్కర్లేదు. ఇంటిపేర్లు ఉండవు కాబట్టి ఒకే పేరు వాళ్లు ముగ్గురు తగులుతారు, పక్కన 'నీలం చొక్కా' అనో 'గట్టిగా నవ్వే ఆయన' అనో రాసుకోండి. ఆ రాత్రే ఒకరికి మెసేజ్ పెట్టండి, వచ్చేసారి ఏ మీటింగ్‌కు వస్తున్నారో అడగండి. తాగాలనిపించినప్పుడు చేసే ఫోన్ మొదటి ఫోన్ కాకుండా ఉంటే చేయడం తేలిక.