లోపలి మొలలు, ఆపరేషన్ లేకుండా – 3వ పాఠం: రబ్బరు బ్యాండు, ఆ తర్వాత పది రోజులు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? రెండు వారాల పాటు మూడు సంగతులు రాసుకోమన్నాను: రక్తం పడిందా, మొల బయటికి వచ్చిందా, వస్తే దానంతటదే లోపలికి పోయిందా లేక వేలితో నెట్టాల్సి వచ్చిందా. ఆ కాగితం దగ్గర పెట్టుకుని ఇది చదవండి.

రక్తం పడుతోంది గానీ ఏమీ బయటికి రావడం లేదంటే మొదటి గ్రేడ్. ముక్కినప్పుడు వచ్చి, లేచేసరికి సర్దుకుంటే రెండు. నెడితేనే పోతే మూడు. నెట్టినా పోకపోతే నాలుగు. ఈ నాలుగో గ్రేడ్‌కు సాధారణంగా ఆపరేషన్ గురించే మాట్లాడుకోవాలి. మిగతా వాటికి డాక్టర్ గదిలోనే చేసే పద్ధతులున్నాయి. వాటిలో ఎక్కువగా చేసేది బ్యాండింగ్, అంటే మొల మొదట్లో రబ్బరు బ్యాండు బిగించడం, అదీ చాలావరకు మత్తు ఇవ్వకుండానే.

మత్తు లేకుండానా అని అందరికీ గుండె ఝల్లుమంటుంది. సంగతి తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. మలద్వారం అంచు నుంచి సుమారు రెండు సెంటీమీటర్లు లోపల, రంపపు పళ్లలా ఉండే గీత ఒకటి ఉంటుంది. దాని కింది భాగం చర్మం లాంటిదే, సూది తగిలినా తెలుస్తుంది. పై పొరకు అలాంటి నొప్పి తెలియదు. లోపలి మొలలు వచ్చేది ఆ పై భాగంలోనే. నొప్పి లేకుండా రక్తం పడేదీ, అక్కడ బ్యాండు వేయగలిగేదీ ఇందువల్లే.

రక్తం పలచబడే మందులు వాడుతున్నా, రబ్బరు ఒంటికి పడకపోయినా ముందే చెప్పండి. ఆ మందుల్ని మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

ఎక్కువగా ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పడుకోమంటారు. ప్రాక్టోస్కోప్ అనే పొట్టి గొట్టం పెట్టి, మొలను పట్టుకారుతోనో గాలి పీల్చే గొట్టంతోనో లాగి, దాని మొదట్లో చిన్న రబ్బరు రింగు వదులుతారు. కొన్ని నిమిషాల పని. 1963లో బారన్ అనే సర్జన్ ఈ పరికరాన్ని సులువు చేశాక పద్ధతి బాగా వ్యాపించింది.

రింగు పడగానే ఎలా ఉందో గమనించండి. ఈ పాఠంలో మీరు నేర్చుకోవాల్సిన అసలు పని ఇదే. బరువుగా, దొడ్డికి వస్తున్నట్టు ఉంటే ఫరవాలేదు. చురుక్కుమని సూది గుచ్చినట్టుంటే మొహమాటపడి పళ్లు బిగబట్టకండి. బ్యాండు గీతకు దగ్గరగా పడి ఉండొచ్చు. వెంటనే చెబితే తీసేసి ఇంకాస్త పైన వేస్తారు. ఇంటికెళ్లాక వాపు వస్తే తీయడం కష్టం.

మొదటి రెండు రోజులూ ఇంకా వెళ్లాలనిపిస్తూనే ఉంటుంది. నమ్మకండి. బ్యాండు బిగించిన ఆ ముద్ద వల్లే అలా అనిపిస్తుంది. వెళ్లి కూర్చుని ముక్కితే బ్యాండు జారిపోవచ్చు. దాని బదులు గోరువెచ్చని నీళ్ల టబ్బులో పది పదిహేను నిమిషాలు కూర్చుంటే హాయిగా ఉంటుంది. నొప్పికి ఏ మాత్ర వేసుకోవాలో అక్కడే అడిగి రండి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ రక్తస్రావాన్ని పెంచుతాయి.

రక్తం అందక మొల వాడిపోయి, సుమారు 5 నుంచి 10 రోజుల్లో బ్యాండుతో సహా రాలిపోతుంది. ఎప్పుడు రాలిందో తెలియను కూడా తెలియదు. నాకు ఏడో రోజు ఎర్రటి రక్తం కనిపించి కాళ్లు వణికాయి. ఇలా జరగొచ్చని ముందు ఎవరూ చెప్పలేదు. కొద్దిగా పడి ఆగిపోతే అది రాలిన చోట పుండు నుంచి వచ్చేదే. గడ్డలుగా పడినా, ఆగకపోయినా, కళ్లు తిరిగినా మాత్రం ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి రోజురోజుకూ పెరగడం, జ్వరం, మూత్రం బిగుసుకుపోవడం చాలా అరుదు, కానీ లోపల ఇన్ఫెక్షన్‌కు గుర్తు కావచ్చు. మూడూ కలిసి వచ్చేదాకా చూడొద్దు. ఏ ఒక్కటి వచ్చినా, అర్ధరాత్రయినా సరే, బయల్దేరండి.

మొలలు ఇంకా ఉంటే నాలుగైదు వారాలు ఆగి మళ్లీ వేస్తారు. చిన్న మొలలకు, అంటే ఒకటి రెండు గ్రేడ్లకు, ఇంజెక్షన్ గానీ ఇన్‌ఫ్రారెడ్ వేడి గానీ వాడతారు. ఇంజెక్షన్ మందు మొలను కుదించి గట్టిపరుస్తుంది. ఇన్‌ఫ్రారెడ్‌లో ఒకటి రెండు సెకన్ల చొప్పున వేడి తగిలిస్తారు. వాటి గురించి వచ్చే పాఠంలో.

బ్యాండు వేయించుకున్నాం కదా అని రెండో పాఠంలో మొదలుపెట్టిన పీచు ఆపేసేవాళ్లున్నారు. వాళ్లను చూస్తే నాకు చిరాకు. 378 మంది మీద జరిగిన ఏడు పరీక్షలను 2005లో కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష కలిపి చూస్తే, పీచు తీసుకున్నవాళ్లలో రక్తం పడటం దాదాపు సగానికి తగ్గింది. ఇసబ్‌గోల్ లాంటిదైతే నీళ్లు బాగా తాగుతూ వాడాలి, లేకపోతే మలబద్ధకం ఇంకా పెరుగుతుంది.

ఈ వారం పని: డాక్టర్‌ను అడగాల్సినవి ఒక కాగితం మీద రాసుకోండి. నాది ఏ గ్రేడ్? ఒకసారికి ఎన్ని బ్యాండ్లు వేస్తారు? రాత్రి రక్తం ఆగకపోతే ఏ నంబరుకు ఫోన్ చేయాలి? నలభై ఐదు దాటినవాళ్లూ, బరువు తగ్గుతున్నవాళ్లూ, మలం తీరు మారినవాళ్లూ ఇంకోటి రాసుకోండి: పెద్దపేగు పరీక్ష కూడా చేయించుకోవాలా? ప్రాక్టోస్కోప్‌కు కనిపించేది చివరి కొన్ని సెంటీమీటర్లే.