పని గదే చుట్టాల గది

సంక్రాంతికి చుట్టాలు దిగితే పని గది ఖాళీ చేయలేక ఏటా అవస్థే. ఈసారి దివాన్ కొనకుండా అటక మీది నవారు మంచం దించాను. నవారు ఉతికి, ఎండబెట్టి, బిగించి అల్లాక పగలు రెండు దిళ్లు వేస్తే అదే సోఫా. మా కోనసీమలో వానాకాలం గోడలు చెమ్మగిల్లుతాయి. మంచమైనా పుస్తకాల బీరువా అయినా గోడకు నాలుగు వేళ్లు ఎడంగా ఉంచండి, లేదంటే బూజు పడుతుంది. కిటికీకి అమ్మ పాత నేత చీర అడ్డంగా కట్టాను, అంచు కిందికి వచ్చేలా. చిన్న కిటికీకి చీర పన్నా ఇంచుమించు సరిపోతుంది. వీడియో కాల్‌లో కనిపించే గోడకు నరసాపురం లేసు ముక్కను ముదురు గుడ్డపై కుట్టి ఫ్రేము కట్టించండి (2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది లెండి). మొక్కలకు కడియం నర్సరీలు ఉండనే ఉన్నాయి.