కంప్యూటర్ గేమ్ యూట్యూబ్ లైవ్: ఓబీఎస్‌లో మొదటి సెట్టింగులు

లైవ్ పెట్టాలనుకున్న రోజుకు ఒకరోజు ముందే యూట్యూబ్ స్టూడియో తెరవండి. ఫోన్ నంబరు వెరిఫై చేసి ‘క్రియేట్’ కింద ‘గో లైవ్’ నొక్కాక, మొదటిసారి అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. ఫోన్ నుంచి లైవ్ ఇవ్వాలంటే 50 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి గానీ, కంప్యూటర్ నుంచి ఇచ్చేవాళ్లకు ఆ షరతు లేదు.

ఈలోగా ఓబీఎస్ స్టూడియో ఇన్‌స్టాల్ చేసుకోండి; మీ గేమ్ తెరను, గొంతును కలిపి యూట్యూబ్‌కు పంపే సాఫ్ట్‌వేర్ ఇది. పూర్తిగా ఉచితం. సెట్టింగ్స్‌లో ‘స్ట్రీమ్’కి వెళ్లి యూట్యూబ్ ఎంచుకుని, అకౌంట్ కలపండి, లేదా యూట్యూబ్ ఇచ్చే స్ట్రీమ్ కీ (మీ ఛానెల్‌కే చెందిన రహస్య కోడ్) అతికించండి. ఆ కీ ఎవరి చేతికి చిక్కినా మీ ఛానెల్‌లో వాళ్లు లైవ్ పెట్టేయగలరు. పొరపాటున బయటపడితే వెంటనే రీసెట్ చేయండి.

తర్వాత స్పీడ్ టెస్ట్. చూడాల్సిన అంకె అప్‌లోడ్. మీరు ఆడే వేళలోనే, అంటే ఇల్లంతా నెట్ వాడే సాయంత్రం పూటే కొలవండి. వచ్చిన దాంట్లో 70 శాతానికి మించి బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) పెట్టకండి. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ (అంటే 10000 కేబీపీఎస్) వస్తే 6000 కేబీపీఎస్‌తో 720పీ స్పష్టత, సెకనుకు 60 ఫ్రేములు హాయిగా నడుస్తాయి. 1080పీ, 60 ఫ్రేములకు యూట్యూబ్ 12000 కేబీపీఎస్ సూచిస్తుంది. అంత లేకుండా 1080పీ పెడితే గడ్డి, ఆకులు, పొగ కనిపించే చోటల్లా బొమ్మ గళ్లు గళ్లుగా విరుగుతుంది. కొత్తవాళ్లు 720పీతోనే మొదలుపెట్టడం మేలు. వైఫై వదిలేసి రౌటర్ నుంచి నేరుగా ల్యాన్ కేబుల్ లాగండి.

‘అవుట్‌పుట్’లో అడ్వాన్స్‌డ్ మోడ్ ఎంచుకోండి. ఎన్‌కోడర్ (వీడియోను కుదించే భాగం) దగ్గర, ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుంటే ఎన్‌వెంక్ (NVENC), లేకపోతే ఏఎండీ లేదా ఇంటెల్ హార్డ్‌వేర్ ఎన్‌కోడర్. ఎక్స్264 అనే సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్ అయితే భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది, గేమ్ నెమ్మదిస్తుంది. రేట్ కంట్రోల్ సీబీఆర్ (బిట్‌రేట్‌ను ఒకేలా ఉంచేది), కీఫ్రేమ్ ఇంటర్వెల్ (పూర్తి బొమ్మ పంపే విరామం) 2 సెకన్లు.

ఇక సీన్‌లో, అంటే జనానికి కనిపించే తెర అమరికలో, ‘గేమ్ క్యాప్చర్’ సోర్స్ చేర్చండి. తెర నల్లగానే ఉందా? రెండు జీపీయూలు (గ్రాఫిక్స్ చిప్‌లు) ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే: గేమ్ ఒకదాని మీద, ఓబీఎస్ ఇంకోదాని మీద నడుస్తుంటాయి. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఓబీఎస్‌ను ‘హై పర్ఫార్మెన్స్’కి మార్చి, మళ్లీ తెరవండి. గేమ్ అడ్మినిస్ట్రేటర్‌గా నడుస్తుంటే ఓబీఎస్‌నూ అలాగే తెరవాలి. ‘డిస్‌ప్లే క్యాప్చర్’ ఆఖరి దారిగానే వాడండి. అది తెర మొత్తాన్నీ చూపిస్తుంది కాబట్టి మీ వాట్సాప్ నోటిఫికేషన్లు కూడా జనానికి కనిపిస్తాయి.

బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు. మాట వినబడకపోతే మాత్రం నిమిషంలో వెళ్లిపోతారు. అందుకే శబ్దం మీద ఎక్కువ సమయం పెట్టండి. మామూలుగా మాట్లాడేటప్పుడు మైక్ మీటర్ పసుపు రంగులో, అంటే -20 నుంచి -9 డెసిబెల్స్ మధ్య ఆడాలి. ఎరుపు తాకితే గొంతు పగులుతుంది. గేమ్ శబ్దం అంతకంటే కిందే ఉండాలి. ఫ్యాన్ హోరు పోవడానికి మైక్ ఫిల్టర్లలో ‘నాయిస్ సప్రెషన్’, అరిచినప్పుడు పగలకుండా చివర్లో ‘లిమిటర్’ చేర్చండి. స్పీకర్లు వద్దు, హెడ్‌సెట్ పెట్టుకోండి. మీ గొంతు రెండుసార్లు వినిపిస్తే, ఒకే మైక్‌ను ఆడియో సెట్టింగ్స్‌లోనూ, సీన్‌లో సోర్స్‌గానూ చేర్చి ఉంటారు, ఒకటి తీసేయండి.

స్ట్రీమ్ ఆగి ఆగి వస్తుంటే ఊహలతో సెట్టింగులు మార్చకండి. ‘స్టాట్స్’ విండో తెరిస్తే జబ్బు ఎక్కడుందో అదే చెబుతుంది. నెట్‌వర్క్ వల్ల ఫ్రేములు పోతుంటే బిట్‌రేట్ తగ్గించండి. ఎన్‌కోడింగ్ ల్యాగ్ అంటే ఎన్‌కోడర్ అందుకోలేకపోతోంది. 60 నుంచి 30 ఫ్రేములకు దిగండి. రెండరింగ్ ల్యాగ్ అయితే గేమే జీపీయూను మొత్తం మింగేస్తోంది. గేమ్ సెట్టింగ్స్‌లో ఎఫ్‌పీఎస్‌కు (సెకనుకు ఫ్రేముల సంఖ్యకు) పరిమితి పెట్టి, ఓబీఎస్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి; అప్పుడు విండోస్ దానికి జీపీయూలో ముందు వాటా ఇస్తుంది. ఈ మూడింటికీ మందులు వేరు. జీపీయూ సమస్యకు నెట్ ప్లాన్ మార్చుకుని డబ్బు పోగొట్టుకోవద్దు.

మొదటి లైవ్‌ను ‘అన్‌లిస్టెడ్’గా (లింక్ ఉన్నవాళ్లే చూడగలిగేలా) పెట్టి పావుగంట ఆడండి. ఇంట్లో ఎవరినైనా మొబైల్ డేటా మీద హెడ్‌ఫోన్‌తో వినమనండి. సినిమా పాటలు వెనక వేయకండి, కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. చాట్‌తో మాట్లాడాలంటే ‘లో లేటెన్సీ’ (తక్కువ ఆలస్యం) ఎంచుకోండి. కరెంటు పోయే ఊళ్లలో రౌటర్‌కు చిన్న యూపీఎస్ తప్పనిసరి. ముగించేటప్పుడు ఓబీఎస్‌లో ‘స్టాప్ స్ట్రీమింగ్’ నొక్కాక, యూట్యూబ్ స్టూడియోలో లైవ్ నిజంగా ముగిసిందో లేదో చూడండి. ‘ఆటో స్టాప్’ ఆఫ్‌లో ఉంటే అక్కడ ‘ఎండ్ స్ట్రీమ్’ కూడా నొక్కాలి.