ఒడియా మాట్లాడదాం – 6వ పాఠం: పిల్లలతో భువనేశ్వర్

కిందటిసారి ఏఠి, సేఠి, కేఉఁఠి నేర్చుకున్నాం. అంటే ఇక్కడ, అక్కడ, ఎక్కడ. ఇంటిపనిగా ఇచ్చిన "నీళ్లు ఎక్కడ?"కి జవాబు "పాణి కేఉఁఠి?". ఈ ఒక్క ముక్క వచ్చినా చాలు, రైలెక్కేయొచ్చు.

మన బరంపురంలో చిక్కేమిటంటే, వీధిలో తెలుగుతోనే పని జరిగిపోతుంది. బడాబజార్‌లో మనం ఒడియాలో మొదలుపెట్టినా కొట్టువాడు తెలుగులో బదులిస్తాడు. అందుకే పాతికేళ్లు ఇక్కడే ఉన్నా నోరు తిరగనివాళ్లు ఎందరో. భువనేశ్వర్‌లో ఆ వీలుండదు. పైగా ఒక చేత్తో పిల్లాణ్ణి, ఇంకో చేత్తో సంచీని పట్టుకున్నప్పుడు మాటలు వెతుక్కునే తీరిక కూడా ఉండదు. అలాంటి రోజుకి అక్కరకొచ్చే రెండు ముక్కలే ఈ పాఠం.

మొదటిది "లాగుఛి". తెలుగులో ఆకలి వేస్తోంది, దాహం వేస్తోంది, భయం వేస్తోంది, చలి వేస్తోంది అంటాం కదా. ఆ "వేస్తోంది" ఉన్నచోట "లాగుఛి" పెట్టండి.

భోక లాగుఛి – ఆకలి వేస్తోంది.
శోష లాగుఛి – దాహం వేస్తోంది.
డర లాగుఛి – భయం వేస్తోంది.
థండా లాగుఛి – చలి వేస్తోంది.

నిద్ర మనకు వస్తుంది, వాళ్లకు అదీ "లాగుతుంది": నిద లాగుఛి. ఎవరికి అని చెప్పాలంటే ఇంకా సులువు, మన "కు"నే వాళ్లూ వాడతారు. పిలా అంటే పిల్లాడైనా పిల్లయినా ఒకటే. "పిలాకు భోక లాగుఛి" అంటే హోటల్లో ముందు మన బల్ల వైపే చూస్తారు. "నాకు" మాత్రం "మోతే". మూడో పాఠంలో చెప్పింది మరిచిపోకండి: రాసేది అ, పలికేది ఒ. "డర"ని "డొరొ" అనాలి. హిందీ అలవాటులో "డర్" అని తోక కోసేయకండి. మాట చివర అచ్చు పలకడం తెలుగువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

బరంపురం నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. రంభ, బాలుగావ్ స్టేషన్ల మధ్య చిలికా సరస్సు కనిపిస్తుంది. పిల్లలు ఆ కాసేపూ కదలరు. ఈ నాలుగు వాక్యాలూ వాళ్ల చేత అనిపించడానికి అదే సమయం. మా చిన్నది నీళ్లు చూసి "డర లాగుఛి" అంది. భయమేమీ లేదు, కొత్త మాట కదా, వాడాలని సరదా.

రెండో ముక్క "అంతు". ఇది మన "అండి"కి అన్నలాంటిది. ఇవ్వండి – దిఅంతు. రండి – ఆసంతు. చెప్పండి – కుహంతు. ఆగండి – రహంతు. ముందు "టికే" చేర్చితే "కొంచెం" అని. "టికే రహంతు" అంటే కొంచెం ఆగండి. పిల్లలతో ఆటో దిగేటప్పుడు రోజంతా ఇదే మాట. "టికే పాణి దిఅంతు" అంటే కొంచెం నీళ్లివ్వండి.

దీని గురించి నేను ఇంత పట్టుబట్టడానికి కారణముంది. మనకు నువ్వు, మీరు – రెండే మెట్లు. ఒడియాలో చనువు నుంచి మర్యాద దాకా మూడు: తు, తుమే, ఆపణ. వెళ్తావా అనడానికి తు జిబు, తుమే జిబ, ఆపణ జిబే. పిల్లలు ఒడియా నేర్చుకునేది తోటి పిల్లల దగ్గర కాబట్టి వాళ్ల నోట వచ్చేది "తు" ఒక్కటే. స్టేషన్ బయట మా పెద్దది తాతయ్య వయసున్న ఆటో ఆయన్ని "నందనకానన జిబు?" (నందన్‌కానన్ జూకి వస్తావా?) అని అడిగేసింది. నా ప్రాణం పోయినంత పనైంది. ఆయన నవ్వి "జిబి, మా" అన్నాడు. వస్తాను తల్లీ, అని. (ఈ "మా" మన "మా ఇల్లు"లోది కాదు, అమ్మ అని. ఆడపిల్లల్ని అలా ముద్దుగా పిలుస్తారు.) మీ పిల్లలకు "జిబే?" నేర్పండి. బేరం మాట మాత్రం మీరే అడగండి: "కేతే నేబే?" – ఎంత తీసుకుంటారు?

నందన్‌కానన్ జూ 1960లో మొదలైంది. సోమవారం సెలవు, ఆ రోజు వెళ్తే గేటు చూసి రావాలి. 1980లో ఇక్కడ మామూలు రంగు పులుల జంటకు తెల్ల కూనలు పుట్టాయి, జూకి పేరు తెచ్చింది అవే. తెల్లపులి "ధళా బాఘ", అంటే నోటికి "ధొళా బాఘొ". ఆ ళ మనదే, నాలుక మడిచి పలకండి. ఏనుగు హాతీ, మొసలి కుంభీర, కోతి మాంకడ. పిల్లలకు చివరిదే బాగా నచ్చుతుంది, ఇంటికొచ్చాక ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు.

తిండి దగ్గర ఒక్క జాగ్రత్త. కటక్ దహీబరా ఆలూదమ్ (పెరుగువడ, బంగాళాదుంప కూర) భువనేశ్వర్‌లోనూ దొరుకుతుంది, పెద్దలకు బాగుంటుంది గానీ కారం. కారానికి ఒడియాలో మాట "రాగ". కోపానికీ అదే మాట! "రాగ కమ కరంతు" అంటే కారం తగ్గించండి. పాట పాడమన్నారేమో అనుకోకండి.

ఇంటిపని. అద్దం ముందు కాదు, పిల్లల ముందు పైకి చెప్పండి:

1. పిల్లకు దాహం వేస్తోంది.
2. అన్నా, కొంచెం ఆగండి. (అన్న – భాయి)
3. నాకు నిద్ర వస్తోంది.
4. ఏనుగు ఎక్కడ?

జవాబులు వచ్చే పాఠంలో. అప్పుడు కూరగాయల బజారుకి వెళ్దాం, ఒకటి నుంచి వంద దాకా అంకెలతో.