రోజుల తరబడి చదివినా ఆడియోబుక్కులో గొంతు ఒకేలా వినిపించాలంటే

300 పేజీల నవలను ఆడియోబుక్కుగా చదవడం ఒక పూటలో తెమిలే పని కాదు. రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి సాగుతుంది. వినేవారికి ఆ సంగతితో నిమిత్తం లేదు. సోమవారం ఉదయం చదివిన పేజీ వెనుకనే గురువారం సాయంత్రం చదివిన పేజీ వచ్చినా, రెండూ ఏకబిగిన చదివినట్టే వారికి వినిపించాలి. గొంతు ఒక్కసారిగా మారితే ఎవరైనా పట్టుకుంటారు. కానీ అది వాక్యం వాక్యానికీ ఇసుమంత చొప్పున జారుతుంది, చదివేవారి చెవి కూడా దానితోపాటే అలవాటు పడిపోతుంది. అందుకే ఈ పనిలో జ్ఞాపకాన్ని నమ్ముకోకూడదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు సరిచూసుకోవడానికి వీలుగా ఒక నమూనాను దగ్గర పెట్టుకోవాలి.

మొదటి రోజు గొంతు బాగా తెరుచుకున్న తరువాత చదివిన భాగంలోంచి అర నిమిషం ముక్కను ఎంచుకోండి. అది సంభాషణ కాకుండా మామూలు కథనమై ఉండాలి, నిర్మాత విని సరేనన్నదై ఉండాలి. దానికి ఎలాంటి ఎఫెక్టూ జోడించకుండా, రికార్డయినది రికార్డయినట్టే వేరే ఫైలుగా దాచుకోండి. ప్రతిరోజూ పని మొదలుపెట్టే ముందు ఆ ముక్కను విని, అవే వాక్యాలను మళ్లీ చదివి రికార్డు చేసి, రెండింటినీ ఒకదాని తరువాత ఒకటి వినాలి. ముందు శ్రుతిని, తరువాత వేగాన్ని, ఆ పైన గొంతు ఎంత దగ్గరగా వినిపిస్తోందన్నదాన్ని గమనించాలి. విరామం తీసుకుని వచ్చిన ప్రతిసారీ ఇదే పని చేయాలి. చాలామంది నిన్న ఆపిన చివరి వాక్యాన్ని విని అక్కడినుంచి అందుకుంటారు. నా ఉద్దేశంలో ఇది మేలుకంటే కీడే ఎక్కువ చేస్తుంది, ఎందుకంటే నిన్నటి చివరి వాక్యం అలసిన గొంతుతో చదివినది. దాన్ని ప్రమాణంగా తీసుకుంటే ఆ అలసటే ఈరోజుకు ఆరంభమవుతుంది.

గొంతు మారిందని మనం అనుకునే సందర్భాల్లో చాలావరకు నిజంగా మారేది మైకుకూ నోటికీ మధ్య దూరం. ఆడియోబుక్కులకు సాధారణంగా వాడే కార్డియాయిడ్ మైకుకు (ముఖ్యంగా ఎదుటినుంచి వచ్చే ధ్వనిని అందుకునే రకం) దగ్గరగా జరిగేకొద్దీ కింది స్థాయి ధ్వనులు బలపడి గొంతు బరువుగా, మందంగా వినిపిస్తుంది; దూరం జరిగితే పలుచబడి, దానితోపాటు గది ప్రతిధ్వని కూడా చేరుతుంది. 20 సెంటీమీటర్ల దూరం 10కి తగ్గితే స్థాయి దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. కథ రసవత్తరంగా ఉన్నచోట తెలియకుండానే ముందుకు వంగుతాం, అలసిపోయినప్పుడు కుర్చీలో వెనక్కి వాలుతాం. దీనికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. బొటనవేలిని పెదవికి ఆనించి, చాచిన చిటికెనవేలు పాప్ ఫిల్టరుకు (ఊపిరి మైకుకు నేరుగా కొట్టకుండా ముందు పెట్టే తెరకు) తగిలేలా కూర్చుంటే జానెడు దూరం సరిపోతుంది. ప్రతి పేరా మొదట్లో అలా ఒకసారి కొలిచి చూసుకోవచ్చు. కుర్చీ కాళ్ల చుట్టూ, మైకు స్టాండు చుట్టూ నేల మీద టేపు అంటించండి. చదివే పుస్తక ప్రతి కళ్ల ఎత్తులో ఉండాలి. అది ఒళ్లో ఉంటే పేజీ అడుగుకు వచ్చేసరికి గడ్డం కిందికి దిగి గొంతు నొక్కుకుపోతుంది, పేజీ తిప్పగానే మళ్లీ తెరుచుకుంటుంది. ఆ తేడా రికార్డింగులో స్పష్టంగా తెలుస్తుంది.

మైకును కంప్యూటరుకు కలిపే ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ (మైకు ధ్వనిని ఎంత పెంచాలో నిర్ణయించే మీట) ఎక్కడ ఉందో ఫోటో తీసి పెట్టుకుని, పుస్తకం పూర్తయ్యేదాకా దాన్ని ముట్టుకోకండి. హెడ్‌ఫోన్ శబ్దాన్నీ అలాగే వదిలేయాలి. మన గొంతు మనకు గట్టిగా వినిపిస్తే తెలియకుండానే తగ్గించి చదువుతాం, సన్నగా వినిపిస్తే పెంచి చదువుతాం. చుట్టూ రొద ఉన్నా గొంతు దానంతటదే పెరుగుతుంది. దీన్నే లొంబార్డ్ ప్రభావం అంటారు. ఏసీ ఆపి చదివిన పేజీకీ, ఏసీ నడుస్తుండగా చదివిన పేజీకీ తేడా వెనుక వినిపించే హోరుతో ఆగదు, చదివే తీరులోనే ఉంటుంది. విజయవాడలోనో హైదరాబాదులోనో మే నెలలో ఫ్యానూ ఏసీ కట్టేసి గదిలో కూర్చోవడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున రికార్డు చేయడం, విరామాల్లో గదిని చల్లబరచి మళ్లీ ఆపేయడం తప్ప వేరే దారి లేదు.

అయితే తెల్లవారుజాముకు ఒక ఇబ్బంది ఉంది. నిద్ర లేచిన కొత్తలో గొంతు మామూలు కంటే కింది శ్రుతిలో ఉంటుంది, గంటా రెండు గంటలు గడిస్తేగాని అసలు స్థాయికి రాదు. కనుక లేచిన వెంటనే మైకు ముందు కూర్చోకుండా కొంతసేపు పెదవులు మూసి హమ్మింగ్ చేయడం, సన్నటి స్ట్రాలోంచి గాలి వదులుతూ స్వరాన్ని పైకీ కిందికీ నడపడం, ఆ తరువాత ఒకటి రెండు పేజీలు రికార్డు చేయకుండా చదవడం మంచిది. తాగిన నీరు స్వరతంత్రులను నేరుగా తడపదు. అది ఒంటికి పట్టి అక్కడికి చేరడానికి సమయం పడుతుంది. కాబట్టి నీళ్లు ముందురోజు నుంచే తాగుతూ ఉండాలి. రికార్డింగు మధ్యలో గుక్కెడు గుక్కెడు తాగేది నోరు ఎండిపోకుండా ఉండటానికి మాత్రమే. గొంతులో ఏదో అడ్డుపడినట్టు అనిపించినప్పుడు గట్టిగా గొంతు సవరించుకుంటే తంత్రులు ఒకదానికొకటి రాసుకుని ఇంకా చికాకు పడతాయి. ఒక గుక్క నీళ్లు తాగి మింగడం మేలు. రాత్రి పొద్దుపోయాక కారంగా తిని వెంటనే పడుకుంటే పుల్లటి త్రేన్పులతో గొంతు మంటెత్తి మర్నాడు బొంగురుపోవచ్చు. నోటి చప్పుళ్లు ఎక్కువైనప్పుడు పచ్చ యాపిల్ ముక్క నమలడం చదివేవారందరికీ తెలిసిన చిట్కానే.

విరామం ఎప్పుడు తీసుకోవాలన్నది గడియారంతో పాటు ఉచ్చారణ కూడా చెబుతుంది. 45 లేదా 50 నిమిషాలకు ఒకసారి లేవడం సాధారణ నియమం. తెలుగు చదివేటప్పుడు ఇంతకంటే నమ్మకమైన గుర్తులు ఉన్నాయి. అలసట మొదలైందంటే ముందుగా మహాప్రాణాలు పోతాయి: ‘ఘట్టం’ ‘గట్టం’ అవుతుంది, ‘భారం’ ‘బారం’ అవుతుంది. ఆ వెంటనే ‘ణ’ ‘న’లోకి, ‘ళ’ ‘ల’లోకి జారుతాయి. అప్పటికీ ఆపకపోతే వాక్యాంతాలు కూలిపోతాయి. తెలుగు వాక్యంలో క్రియ చివరన ఉంటుంది, ఊపిరి తగ్గేదీ అక్కడే. ‘వచ్చాడు’, ‘చెప్పింది’ వంటి మాటల్లో చివరి అక్షరం గాలిలో కలిసిపోతుంది. తెర మీద ధ్వనిని గీతగా చూపే వేవ్‌ఫామ్‌లో చూస్తే ప్రతి వాక్యమూ తోకలా సన్నబడి కనిపిస్తుంది. ఈ మూడింటిలో మొదటిది కనిపించగానే లేవడం ఉత్తమం, మూడోది వచ్చేదాకా ఆగితే గత పావుగంట పనీ మళ్లీ చేయాల్సి రావచ్చు.

పాత్రల గొంతుల కోసం ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క వాక్యాన్ని నమూనాగా దాచుకోండి. రెండో అధ్యాయంలో వచ్చిన మేనత్త మళ్లీ పదిహేడో అధ్యాయంలో నోరు విప్పినప్పుడు ఆ వాక్యమే ఆదుకుంటుంది. పాత్ర గొంతు మీ సహజ స్వరానికి మరీ దూరంగా ఉంటే దాన్ని నెలంతా నిలబెట్టలేరు. శ్రుతి మార్చడం కంటే వేగాన్నో యాసనో కొద్దిగా మార్చడం సులువు.

ఎడిటింగులో సరిచేసుకోవచ్చులే అనే ధీమా మాత్రం పనికిరాదు. అమెజాన్ వారి ఏసీఎక్స్ వేదిక ఆడియోబుక్కులకు ఆర్‌ఎంఎస్ స్థాయి (ధ్వని సగటు స్థాయి) −23 నుంచి −18 డెసిబెల్స్ మధ్య, శిఖరాలు −3 లోపు, గది నిశ్శబ్దం −60 లోపు ఉండాలని అడుగుతుంది. ఈ అంకెలన్నిటినీ అందుకున్న రెండు పేజీలు కూడా ఇద్దరు మనుషులు చదివినట్టు వినిపించవచ్చు. సాఫ్ట్‌వేర్ స్థాయిని సమం చేస్తుందే తప్ప అలసటను తీసేయలేదు.

చివరకు మిగిలేవి కరెక్షన్లు. తప్పు పడిన ఒక్క మాటను మాత్రం మళ్లీ చదివి అతికిస్తే ఆ అతుకు తెలిసిపోతుంది. వాక్యం మొత్తాన్ని, వీలైతే ముందు వెనుక వాక్యాలతో సహా చదవాలి. అసలు భాగాన్ని ఏ వేళలో చదివారో ఆ వేళకే కూర్చుని, తప్పుకు ముందున్న నాలుగైదు సెకన్లు హెడ్‌ఫోన్‌లో వింటూ దాని ఊపులోనే అందుకోవాలి. జలుబు చేసి ఉంటే తగ్గేదాకా కరెక్షన్లను వాయిదా వేయండి. గదిలో ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం రూమ్ టోన్‌ను, అంటే ఖాళీ నిశ్శబ్దాన్ని, ఆ రోజు కూడా రికార్డు చేసి ఎడిటరుకు ఇవ్వాలి, ఎందుకంటే పాత రోజుల నిశ్శబ్దం కొత్త వాక్యాల మధ్య ఎప్పుడూ సరిగ్గా అతకదు.