సంఘ చరిత్ర చదవడం నేర్చుకుందాం – మూడవ పాఠం: ఉటంకింపు ఎక్కడ ముగుస్తుంది?

గత రెండు పాఠాలలో, క్రైస్తవ సంఘపు తొలినాళ్ళ గురించి ‘సంఘ చరిత్ర’ రాసిన నాల్గవ శతాబ్దపు బిషప్పు యూసేబియస్ జీవితాన్నీ, ఆయన పనిచేసిన పాలస్తీనాలోని కైసరయ గ్రంథాలయాన్నీ పరిచయం చేసుకున్నాం. మూడవ శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఓరిగెన్ పుస్తకాలతో మొదలైన ఆ గ్రంథాలయాన్ని పెంచి పోషించినవాడు ఆయన గురువు పాంఫిలస్. 310లో గురువు హతసాక్షి అయిన తరువాత కూడా శిష్యుడు ఆ పేరును తన పేరుతో కలుపుకొనే పిలిపించుకున్నాడు. పది సంపుటాల ‘సంఘ చరిత్ర’లో మనకు అడుగడుగునా ఎదురయ్యే పాత గ్రంథాల భాగాలకు ముఖ్యమైన ఆధారం ఆ పుస్తకాలే.

ఈ పాఠానికి ఒక పెన్సిలు దగ్గర పెట్టుకోండి. యూసేబియస్ ఇతరుల మాటలను యథాతథంగా ఎత్తి రాసిన చోట మార్జిన్‌లో ‘ఉ’ (ఉటంకింపు) అనీ, ఆ మాటల నుండి తాను ఏదైనా తేల్చిన చోట ‘త’ (తర్కం) అనీ, మెచ్చుకున్న లేదా తప్పుపట్టిన చోట ‘అ’ (అభిప్రాయం) అనీ వేయాలి. మూడవ సంపుటం 39వ అధ్యాయంతో మొదలుపెడదాం.

అక్కడి విషయం రెండవ శతాబ్దపు తొలినాళ్ళలో ఆసియా మైనర్‌లోని హియెరాపొలికి బిషప్పుగా ఉన్న పపియస్. ప్రభువు మాటలను వివరిస్తూ ఆయన రాసిన అయిదు పుస్తకాలూ నేడు లేవు. వాటి ముందుమాటలో ఒక భాగాన్ని యూసేబియస్ ఎత్తి రాశాడు. పెద్దలతో తిరిగినవారెవరైనా వస్తే అంద్రెయ, పేతురు, ఫిలిప్పు, తోమా, యాకోబు, యోహాను, మత్తయి ఏమి చెప్పారని అడిగేవాడిననీ, అరిస్తియోను, ‘పెద్ద’యైన యోహాను ఏమి చెబుతున్నారని కూడా విచారించేవాడిననీ, పుస్తకాలకన్నా సజీవ స్వరమే తనకు ఎక్కువ మేలు చేస్తుందని తలచాననీ పపియస్ అక్కడ అంటాడు. ఇంతవరకు ‘ఉ’.

తరువాతి వాక్యం నుండి గొంతు మారుతుంది. యోహాను పేరు రెండుసార్లు వచ్చిందనీ, ఒకసారి అపొస్తలుల వరుసలో, రెండోసారి అరిస్తియోను తరువాత వచ్చిందనీ యూసేబియస్ ఎత్తిచూపుతాడు. కాబట్టి యోహానులు ఇద్దరనీ, ఎఫెసులో యోహాను పేరిట రెండు సమాధులు ఉండటం దీనికి సాక్ష్యమనీ, బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథపు దర్శనాన్ని చూసినవాడు బహుశా రెండవ యోహాను అనీ అంటాడు. ఇదంతా ‘త’. పేరు రెండుసార్లు రావడం పపియస్ వాక్యంలో కళ్ళెదుట ఉన్నదే. కానీ ప్రకటన గ్రంథం ఊసు ఆ వాక్యంలో ఎక్కడా లేదు. ఈ రెండింటినీ విడదీసి చూడగలిగితే ఈ పాఠంలో సగం వచ్చినట్లే.

ఇంకొంచెం ముందుకు వెళితే, క్రీస్తు భూమి మీద వెయ్యేండ్లు శరీర సంబంధంగా రాజ్యమేలుతాడని పపియస్ నమ్మడాన్ని ప్రస్తావించి, ఆయన చాలా స్వల్పమైన బుద్ధి గలవాడని యూసేబియస్ తీర్పు చెబుతాడు. అది ‘అ’. ఇప్పుడు వెనక్కి వచ్చి మళ్ళీ చదవండి. వెయ్యేండ్ల రాజ్యమన్న మాటకు ఆధారం ప్రకటన గ్రంథం 20వ అధ్యాయం. ఆ గ్రంథం అపొస్తలుడిది కాదని తేలితే ఆ బోధ బలం తగ్గుతుంది. అంటే ఇక్కడి ‘అ’కూ పైనున్న ‘త’కూ మధ్య సంబంధం ఉండవచ్చు. అంతమాత్రాన తర్కం తప్పని అనకూడదు. యోహానులు ఇద్దరన్న వాదాన్ని నేటికీ పలువురు పండితులు గంభీరంగానే చర్చిస్తారు. దాని బరువును మాత్రం మనమే తూచుకోవాలి.

అలా తూచుకోగలుగుతున్నాం అంటే అది యూసేబియస్ చలవే. తనకు నచ్చని మనిషి మాటలను కూడా తుడిచివేయకుండా, తన వాదనను ఎదిరించడానికి పనికివచ్చే సామగ్రితో సహా మన చేతికి ఇచ్చాడు. ఈ గుణం వల్లనే నేను ఆయనను మళ్ళీ మళ్ళీ చదువుతాను.

ఇక అభ్యాసం. 312లో రోము దగ్గర మిల్వియన్ వంతెన యుద్ధాన్ని యూసేబియస్ రెండు చోట్ల వర్ణించాడు. ‘సంఘ చరిత్ర’ తొమ్మిదవ సంపుటం 9వ అధ్యాయంలో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ దేవునికి ప్రార్థించి యుద్ధానికి వెళ్తాడు. ఆకాశంలో ఏ గురుతూ కనబడదు. 337లో చక్రవర్తి మరణించిన తరువాత వెలువడిన ‘కాన్‌స్టంటైన్ జీవితం’ మొదటి సంపుటం 28వ అధ్యాయంలో మాత్రం సూర్యునికి పైగా వెలుగుతో ఏర్పడిన సిలువ కనబడుతుంది. ఆ సంగతి చక్రవర్తి తానే ప్రమాణపూర్వకంగా తనతో చెప్పాడని యూసేబియస్ అంటాడు. రెండు భాగాలనూ పక్కపక్కన పెట్టుకొని మార్జిన్‌లో అక్షరాలు వేయండి. ఆ ‘ప్రమాణం’ దగ్గర ఏ అక్షరం వేశారో, ఎందుకు వేశారో మూడు వాక్యాలలో రాసి ఉంచుకోండి. నాల్గవ పాఠం అక్కడి నుండే మొదలవుతుంది.