కంప్యూటర్ వాటర్ కూలింగ్ పంపు గలగల ఎలా ఆగిందంటే
మే నెలలో బెజవాడ గది వేడికంటే కిందికి ఏ రేడియేటరూ నీళ్లను చల్లబరచదు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ నా ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా 80 డిగ్రీలు దాటుతోంది, పంపు గలగలమంటోంది, ఒకటే టెన్షన్. నీళ్లు తిరిగే దారి లోపల గాలి చిక్కుకుంది.

పవర్ సప్లై 24 పిన్ కనెక్టర్‌కు జంపర్ ప్లగ్ (మదర్‌బోర్డు లేకుండానే పవర్ సప్లైని ఆన్ చేసే చిన్న ప్లగ్) పెట్టి, మదర్‌బోర్డుకు కరెంటు లేకుండా పంపు ఒక్కటే నడిపిస్తూ, క్యాబినెట్‌ను మెల్లగా అటూ ఇటూ వంచితే రేడియేటర్‌లోని బుడగలన్నీ రిజర్వాయర్‌లోకి, అంటే నీళ్లు పోసే డబ్బాలోకి వచ్చేశాయి. మట్టం తగ్గినప్పుడల్లా పంపు ఆపి డిస్టిల్డ్ వాటర్ పోశాను, ఎందుకంటే నీళ్లు లేకుండా తిరిగితే పంపు పోతుంది. చప్పుడు ఆగింది, వేడీ దిగింది.

కుళాయి నీళ్లు మాత్రం అస్సలు పోయకండి, లోపల ఉప్పు పేరుకుంటుంది. ప్రాసెసర్ మీద కూర్చునే రాగి బ్లాకుకు అల్యూమినియం రేడియేటర్ కలిపినా ముప్పే, అల్యూమినియం తినేసుకుపోతుంది.